రైట్ టర్న్ దగ్గర కెమెరా టికెట్: హియరింగ్‌కి వెళ్ళాలా, వంద డాలర్లు కట్టేయాలా?

సబర్బ్_శ్రీను
అందరికీ నమస్తే. మేం చికాగో సబర్బ్స్‌లో ఉంటాం. మా ఆవిడ పేరు మీద పోస్టులో ఒక కవర్ వచ్చింది, కారు రిజిస్ట్రేషన్ తన పేరు మీద ఉంది కాబట్టి, లోపల మా కారు ఫోటోలు, నంబర్ ప్లేట్ దగ్గరగా తీసింది ఒకటి, రెడ్ లైట్ ఉండగా ఆగకుండా రైట్ తిప్పినందుకు వంద డాలర్లు అని. నడిపింది నేను. నేనైతే ఆగాను. కాకపోతే ఆ మూల మీద పొదలు బాగా పెరిగున్నాయి, తెల్ల గీత దగ్గర ఆగితే ఎడమవైపు నుంచి వచ్చే బళ్ళు కనపడవు, అందుకని కాస్త ముందుకెళ్ళి ఆగి చూసుకుని తిప్పాను. నోటీసులో రెండే దారులున్నాయి, కట్టెయ్యడం లేదా విలేజ్ హాల్‌లో, అంటే అక్కడి మునిసిపాలిటీ ఆఫీసులో, హియరింగ్ అడగడం. వంద డాలర్ల కోసం ఒక పూట లీవ్ ఎందుకు, కట్టేసి వదిలెయ్ అని ఆఫీసులో అందరూ అంటున్నారు, చెయ్యని తప్పుకి కట్టాలంటే నాకు మనసొప్పట్లేదు. పైగా మాది హెచ్ వన్ వీసా, గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, హియరింగ్ అంటే కోర్టు కేసులాగా రికార్డులోకి ఎక్కుతుందేమో అని మా ఆవిడ భయం. వెళ్ళినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

డాలస్_దోస్త్
బ్రో, పారేసెయ్. మా టెక్సస్‌లో 2019లోనే రెడ్ లైట్ కెమెరాలు బ్యాన్ చేశారు, అంతకుముందు కూడా మా ఫ్రెండ్స్ చాలామంది కట్టలేదు, ఏం కాలేదు.

లా_చదివినోడు
డాలస్_దోస్త్ గారూ, దయచేసి ఈ సలహా వేరే స్టేట్ వాళ్ళకి ఇవ్వకండి. టెక్సస్ రూల్ టెక్సస్‌కే. చికాగో ఉన్న ఇల్లినాయ్‌లో పట్టించుకోకుండా వదిలేస్తే వంద కాస్తా రెండొందలు అవుతుంది, తర్వాత బాకీలు వసూలు చేసే కలెక్షన్స్ వాళ్ళకి వెళ్తుంది, హియరింగ్ అడిగే గడువు కూడా పోతుంది. గడువు పోయాక ఎంత మంచి ఆధారం చేతిలో ఉన్నా వినేవాళ్ళు ఉండరు.

శ్రీను గారూ, ముందు మీ ఆవిడ గారి భయం సంగతి. ఇల్లినాయ్‌లో కెమెరా టికెట్ సివిల్ వయొలేషన్. నడిపిన మనిషి మీద కాదు, బండి ఓనర్ మీద వస్తుంది. మూవింగ్ వయొలేషన్, అంటే డ్రైవర్ మీద పడే నడిపే తప్పు, కాదు అని చట్టంలోనే రాసుంది, డ్రైవింగ్ రికార్డులో ఎక్కించరు, లైసెన్స్ మీద పాయింట్లు లేవు. అరెస్టు కాదు, క్రిమినల్ కేసు కాదు. హియరింగ్ అడిగితే కొత్తగా కేసు పుట్టేదేమీ లేదు, ఉన్న నోటీసు మీదే వాళ్ళు మీ మాట వింటారు. ఇమిగ్రేషన్ ఫారాల్లో మాత్రం ప్రశ్న ఎలా అడిగారో పదం పదం చదివి మీ లాయర్‌తోనే తేల్చుకోండి, ఫోరమ్‌లో చదివింది చూసి నింపొద్దు.

ఇప్పుడు అసలు విషయం. ఇల్లినాయ్ వెహికల్ కోడ్ సెక్షన్ 11-208.6 తీసి చదవండి, పబ్లిక్‌గా దొరుకుతుంది. అందులో మీకు పనికొచ్చే మినహాయింపు ఒకటుంది. కూడలిలోకి దిగకముందే బండి పూర్తిగా ఆగితే, స్టాప్ లైన్ దాటి ఆగినా సరే, అక్కడ నడిచేవాళ్ళు గానీ సైకిల్ వాళ్ళు గానీ లేనప్పుడు కెమెరా టికెట్ ఇవ్వకూడదు. మీరు చెప్పింది నిజంగా అలాగే జరిగుంటే మీ కేసు మొత్తం ఈ ఒక్క ముక్క మీదే నిలబడుతుంది.

వరంగల్_పిలగాడు
అన్నా ముందుగాల వీడియో చూడు. నోటీస్ మీద వెబ్‌సైట్, నోటీస్ నంబర్, పిన్ ఉంటయి. ఫోటో చూస్తే అన్ని బండ్లు ఉరికినట్లే కొడ్తయి, ఫోటోల బండి ఆగిందా ఉరుకుతుందా ఎట్ల తెలుస్తది చెప్పు. నాకు గూడ పోయిన ఏడాది గిట్లనే వచ్చింది, నేను మస్తు కోపంతోని పోదామనుకున్న, వీడియో చూస్తె బండి మెల్లగ అయ్యింది గని చక్రం ఆగలె. సక్కగ కట్టేసిన. ఆగినట్లు కనవడితె మాత్రం ఇడిసిపెట్టకు.

ఇంకో మాట, ఈ మధ్య ఫోన్ల టికెట్ కట్టమని మెసేజ్‌లు వస్తున్నయి, టోల్ బాకీ ఉంది, లింక్ నొక్కు అని, అవన్ని దొంగ మెసేజ్‌లే. నీకు పోస్టుల వచ్చింది కాబట్టి మంచిదే, అయినా వెబ్‌సైట్ అడ్రస్ చేతితోని టైప్ చేసి పో, విలేజ్ సైట్ ల నుంచి పో.

సబర్బ్_శ్రీను
థాంక్స్ అన్నా, ఈ రాత్రికే చూస్తాను. లా_చదివినోడు గారూ, ఆ సెక్షన్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదండి, నోటీసు వెనకాల కూడా లేదు. అక్కడ టికెట్ కొట్టేసే కారణాలుగా దొంగిలించిన బండి, అంబులెన్స్‌కి దారివ్వడం, అంత్యక్రియల ఊరేగింపు, అదే తప్పుకి పోలీస్ ఆఫీసర్ చేతిమీదుగా ముందే టికెట్ రావడం, ఇలాంటివి మాత్రమే రాశారు.

గోదారి_గట్టు
నాకు అర్థం కానిది ఒకటి. అమెరికాలో నా మీద ఆరోపణ చేసినవాడిని ఎదురుగా నిలబెట్టి ప్రశ్నించే హక్కు ఉంటుంది కదా. కెమెరాని ఎలా ప్రశ్నిస్తాం? ఆ పాయింట్ మీద కొట్టేయమని అడిగితే సరిపోదా? యూట్యూబ్‌లో ఒకాయన ఇదే చెప్తున్నాడు, ఇలా అడిగితే వెంటనే డిస్మిస్ చేస్తారని.

లా_చదివినోడు
గోదారి_గట్టు గారూ, ఆ వీడియోలు నమ్మి వెళ్ళినవాళ్ళే ఎక్కువగా ఓడిపోతున్నారు. ఆ హక్కు క్రిమినల్ కేసులకి సంబంధించింది. ఇది సివిల్ జరిమానా. ఇదే చికాగో కెమెరాల మీద ఇద్రిస్ వర్సెస్ సిటీ ఆఫ్ చికాగో అని కేసు నడిచింది, 2009లో సెవెంత్ సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు ఓనర్ మీద జరిమానా వెయ్యడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని తేల్చేసింది. కాలిఫోర్నియాలో 2014లో గోల్డ్‌స్మిత్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు కూడా కెమెరా ఫోటోలు, వీడియో సాక్ష్యంగా చెల్లుతాయంది. విలేజ్ హాల్‌లో కూర్చున్న హియరింగ్ ఆఫీసర్‌కి ఈ తీర్పుల్ని తిరగరాసే అధికారం ఎక్కడిది? ఆయన ముందు ఉండే ప్రశ్న చాలా చిన్నది, ఈ బండి ఈ టైములో ఈ రూల్ దాటిందా లేదా. దానికి జవాబు ఇచ్చే కాగితం, వీడియో మాత్రమే పట్టుకెళ్ళాలి.

అక్కడ క్రిమినల్ కేసులోలాగా సందేహానికి తావులేకుండా నిరూపించాల్సిన పని విలేజ్‌కి లేదు. రెండువైపులా చూసి ఏది ఎక్కువ నమ్మదగ్గదిగా ఉంటే అటు మొగ్గుతారు. అందుకే "నాకు గుర్తులేదు", "ఆగాననే అనుకుంటున్నా" లాంటి మాటలు పనికిరావు.

సిగ్నల్_ఇంజనీర్
ట్రాఫిక్ సిగ్నల్ టైమింగ్ నా ఉద్యోగం, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

నేరుగా వెళ్ళేటప్పుడు వచ్చిన రెడ్ లైట్ టికెట్ అయితే మొదట చూడాల్సింది ఎల్లో ఎంతసేపు వెలిగిందో. ఫోటో పైన ఉండే పట్టీలో సాధారణంగా ఎల్లో ఎన్ని సెకన్లు, రెడ్ పడ్డాక ఎంతసేపటికి బండి గీత దాటింది అని ఉంటుంది. దేశం మొత్తానికీ ఉన్న మాన్యువల్ ప్రకారం ఎల్లో 3 నుంచి 6 సెకన్ల మధ్య ఉండాలి. లెక్క ఎలా వేస్తారంటే, డ్రైవర్ గమనించి బ్రేక్ మీద కాలు వెయ్యడానికి ఒక సెకను, ఆ తర్వాత బండి స్పీడుని సెకనుకి అడుగుల్లోకి మార్చి 20తో భాగించాలి, రెండూ కలపాలి. ఇది చదునైన రోడ్డుకి. 30 మైళ్ళ స్పీడుకి 3.2 సెకన్లు వస్తుంది, 35కి సుమారు 3.6, 40కి 3.9, 45కి 4.3. మీ రోడ్డు లిమిట్ 45 అయ్యుండి ఫోటో మీద ఎల్లో 3.2 అని కనపడితే అది అడగాల్సిన ప్రశ్నే.

ఇది ఊహకి చెప్పట్లేదు. చికాగోలో 2014లో సిటీ పనుల్లో తప్పులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్క తీస్తే ఎల్లో 3 సెకన్ల కంటే రవ్వంత తక్కువ ఉన్నా టికెట్లు పంపించేశారని తేలింది, దాదాపు 77 వేల టికెట్లు, 77 లక్షల డాలర్లు. పదో వంతు సెకను తేడా అంటే మనకి లెక్కలోకి రాదు, కానీ దాంతో అంతమంది జేబులకి చిల్లు పడింది. తర్వాత 2017లో రెడ్ పడ్డాక ఇచ్చే వెసులుబాటుని 0.1 సెకను నుంచి 0.3కి పెంచారు.

ఇంకొకటి, ఈ ఎల్లో ఫార్ములా 1959 నాటిది, నేరుగా వెళ్ళే బళ్ళ కోసం కట్టింది. మలుపు తిరగబోయే బండి ముందే స్లో అవుతుంది కదా, ఆ టైము అందులో లేదు. ఒరెగన్‌లో మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ అనే ఆయన, వాళ్ళావిడకి 2013లో కెమెరా టికెట్ వస్తే కూర్చుని ఈ లెక్క మొత్తం తిరగేశాడు. లైసెన్స్ లేకుండా ఇంజనీరింగ్ చేస్తున్నావని స్టేట్ బోర్డు ఆయనకే 500 డాలర్ల ఫైన్ వేసింది! ఆయన ఫెడరల్ కోర్టుకెళ్ళి 2018 డిసెంబర్‌లో గెలిచాడు, 2020లో ట్రాఫిక్ ఇంజనీర్ల సంస్థ ఐటీఈ తన మార్గదర్శకాల్లో మలుపు బళ్ళ సంగతి కూడా చేర్చింది. మా ఫీల్డులో ఆయన పేరు తెలియనివాళ్ళు తక్కువ. ఒక మామూలు పౌరుడు టికెట్ దగ్గర మొదలుపెట్టి అంత దూరం వెళ్ళాడంటే నాకు చాలా గౌరవం.

లా_చదివినోడు
చాలా మంచి పోస్ట్. కానీ శ్రీను గారూ, మీరు ఇదంతా హియరింగ్‌లో ఎత్తొద్దు. మీ కేసులో రెడ్ అప్పటికే పడుంది, మీరు రైట్ ఆన్ రెడ్ తిప్పారు, ఎల్లో ఎంతసేపున్నా మీకు సంబంధం లేదు. సంబంధం లేని పాయింట్లు నాలుగు చెప్తే పనికొచ్చే పాయింట్ కూడా వినపడకుండా పోతుంది.

సిగ్నల్_ఇంజనీర్
అవును, అది నిజం. చదివే మిగతావాళ్ళ కోసం రాశాను.

మేరీలాండ్_మావయ్య
మా వైపు స్పీడ్ కెమెరాల గొడవ ఎక్కువ, దాని గురించి కూడా ఒక మాట. బాల్టిమోర్‌లో 2012లో ఒకాయనకి 25 జోన్‌లో 38 మైళ్ళ స్పీడుతో వెళ్ళావని టికెట్ వచ్చింది, తీరా వీడియో చూస్తే ఆయన బండి సిగ్నల్ దగ్గర కదలకుండా ఆగి ఉంది. బాల్టిమోర్ సన్ పేపర్ వాళ్ళు దాన్ని బయటపెట్టారు, మరుసటి ఏడాది సిటీ ఆ ప్రోగ్రామ్ మొత్తం ఆపేయాల్సి వచ్చింది. అప్పుడు ఫోటోలు చూసి సరేనని సంతకం పెట్టినవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళేం చూసినట్టు? అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

స్పీడ్ టికెట్ వస్తే రెండు ఫోటోల మధ్య టైము చూసుకోండి. రోడ్డు మీద గీతలు, స్తంభాలు, ఏదో ఒకటి ఆనవాలుగా పెట్టుకుని బండి ఎన్ని అడుగులు కదిలిందో కొలవండి. అర సెకనులో 22 అడుగులు కదిలితే సెకనుకి 44 అడుగులు, అంటే గంటకి 30 మైళ్ళు. నోటీసు మీద 42 అని ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. ఇంకా మా స్టేట్‌లో కెమెరాకి రోజువారీ సెల్ఫ్ టెస్ట్ లాగ్, ఏడాదికోసారి కొలత సరిగ్గా ఉందని బయటి ల్యాబ్ ఇచ్చే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ కాగితాలు ముందే అడిగి తెప్పించుకోవాలి, హియరింగ్ రోజు అడిగితే లాభం లేదు.

రెండో_లేన్
అందరూ తప్పించుకునే దారులే మాట్లాడుతున్నారు. నేను వేరేవైపు చెప్తా. మా పాపని స్ట్రోలర్‌లో పెట్టుకుని క్రాస్‌వాక్ మీద ఉన్నప్పుడు ఒక బండి రైట్ ఆన్ రెడ్ ఆగకుండా వచ్చేసింది, డ్రైవర్ ఎడమవైపు బళ్ళనే చూస్తున్నాడు తప్ప కుడివైపు నేనున్నానని చూడనే లేదు. చక్రం స్ట్రోలర్‌కి జానెడు దూరంలో ఆగింది. ఆ కెమెరాలు ఉండాలి అంటాన్నేను. ఆగమన్నచోట ఆగడానికి అంత కష్టమేంటి?

సిగ్నల్_ఇంజనీర్
రెండో_లేన్ గారూ, మీ బాధ నాకు పూర్తిగా అర్థమవుతుంది. నంబర్లు కూడా కొంతవరకు మీవైపే ఉన్నాయి. ఫెడరల్ హైవే వాళ్ళు 2005లో ఏడు చోట్ల చేసిన స్టడీలో కెమెరాలు పెట్టాక పక్కనుంచి వచ్చి గుద్దుకునే ప్రమాదాలు పావువంతు తగ్గాయి, వెనకనుంచి గుద్దేవి మాత్రం 15 శాతం పెరిగాయి. పక్కనుంచి గుద్దేవే ఎక్కువ ప్రాణాలు తీస్తాయి కాబట్టి మొత్తం మీద లాభమే అన్నారు. నేను కెమెరాలకి వ్యతిరేకిని కాదు. కాకపోతే టికెట్ వేసే హక్కు తీసుకున్నవాళ్ళు లెక్క సరిగ్గా ఉంచాలి, తప్పు జరిగితే జనం చెప్పుకోడానికి దారి ఉండాలి. ఇల్లినాయ్‌లోనే కెమెరా కంపెనీ దగ్గర లంచాలు తిని జాన్ బిల్స్ అనే చికాగో సిటీ అధికారి 2016లో పదేళ్ళ శిక్ష పడి జైలుకెళ్ళాడు. ఆ తర్వాత 2020లో స్టేట్ సెనేటర్ మార్టిన్ సాండోవాల్ కూడా కెమెరా కంపెనీ లంచాల విషయంలో నేరం ఒప్పుకున్నాడు. ఇవన్నీ చూశాక మనం గుడ్డిగా నమ్మాలంటే ఎలా.

రెండో_లేన్
దానికి ఒప్పుకుంటాను. నిజంగా ఆగినవాళ్ళకి టికెట్ వెయ్యడం తప్పే. కానీ శ్రీను గారూ, వీడియోలో ఆగకుండా వెళ్ళినట్టు కనపడితే దయచేసి సాకులు వెతక్కండి.

బే_ఏరియా_అక్క
కాలిఫోర్నియా వాళ్ళు ఈ థ్రెడ్ చదివి మోసపోకండి, మా దగ్గర కథ వేరు. నాకు వచ్చిన రెడ్ లైట్ టికెట్ ఓనర్ మీద కాదు, నడిపిన మనిషి మీద, మొహం ఫోటో కూడా తీశారు, ఫైన్ ఐదొందల దగ్గరికి వచ్చింది, పైగా ఒక పాయింట్. అక్కడ హియరింగ్‌కి బదులు ట్రయల్ బై రిటన్ డిక్లరేషన్ అని ఉంది, ఫారం నింపి, ఫైన్ మొత్తం ముందు డిపాజిట్ కట్టి, మన వాదన రాసి పంపొచ్చు. ఓడిపోతే 20 రోజుల్లో మళ్ళీ కొత్తగా ట్రయల్ అడగొచ్చు, గెలిస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, నడిపింది మీరైతే వేరేవాళ్ళ పేరు రాసి సంతకం పెట్టొద్దు. ఇండియా వెళ్ళిపోయిన కజిన్ పేరు రాసెయ్ అని నాకు సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. అది ప్రమాణం చేసి రాసే కాగితం, అబద్ధం అని తేలితే టికెట్ గొడవ కాస్తా నిజంగానే క్రిమినల్ అవుతుంది.

సబర్బ్_శ్రీను
వీడియో చూశానండి. ఇద్దరం కూర్చుని ముక్కముక్కగా ఆపుతూ చూశాం. బండి గీత దాటింది, ఆగింది, వెనక చక్రం మీద వాల్వ్ దగ్గర ఒక తెల్ల చుక్క కనపడుతుంది, అది కదలకుండా ఉంది, ఒక సెకనుకి పైనే. తర్వాత తిప్పాను. క్రాస్‌వాక్ మీద ఎవరూ లేరు, సైకిళ్ళు లేవు. బ్రేక్ లైట్లు కూడా స్పష్టంగా వెలిగి ఉన్నాయి. మరి ఇది చూసి టికెట్ ఎలా ఓకే చేశారో. హియరింగ్ అడుగుతూ ఫారం పంపేస్తున్నా. మా ఆవిడ కూడా ఇప్పుడు నాకంటే పట్టుదలగా ఉంది. ఏమేం పట్టుకెళ్ళాలి?

లా_చదివినోడు
ఒకటి, వీడియో డౌన్‌లోడ్ అవుతుందేమో చూడండి, అవ్వకపోతే స్క్రీన్ రికార్డ్ చెయ్యండి, వెబ్‌సైట్‌లో ఎప్పటిదాకా ఉంచుతారో నమ్మకం లేదు. ఆగిన చోట వరసగా కొన్ని స్టిల్స్ ప్రింట్ తీసి, ప్రతిదాని కింద వీడియో మీద కనపడే టైము రాయండి. ఆ సెక్షన్ పేజీ ప్రింట్ తీసి సంబంధించిన వాక్యం మీద గీత గీయండి. అన్నీ మూడేసి కాపీలు, ఆఫీసర్‌కి, విలేజ్ తరఫున వచ్చినవాళ్ళకి, మీకు. ఆ మూలకి వెళ్ళి స్టాప్ లైన్ దగ్గర డ్రైవర్ కళ్ళ ఎత్తులోంచి పొదలు ఎలా అడ్డొస్తాయో ఫోటో తీస్తే ఎందుకు ముందుకెళ్ళారో తెలుస్తుంది, కానీ అది రెండో మాటగానే ఉంచండి.

నోటీస్ తేదీలు కూడా చూసుకోండి, వయొలేషన్ జరిగి 90 రోజులు దాటాక పంపితే చెల్లదు. ఆ కూడలి దగ్గర కెమెరా ఉందని బోర్డు ఉండాలి, అదీ చూడండి. కెమెరా రికార్డులు ఏవైనా కావాలంటే విలేజ్‌కి ఎఫ్‌ఓఐఏ (సమాచార హక్కు చట్టం లాంటిది) రిక్వెస్ట్ పెట్టొచ్చు, మామూలుగా ఐదు పనిదినాల్లో జవాబివ్వాలి. మీకు అంత అవసరం పడదనుకుంటా.

నోటీసు ఆవిడ పేరు మీద ఉంది కాబట్టి ఆవిడ వెళ్ళాలి, నడిపింది మీరు కాబట్టి మీరూ వెళ్ళి చెప్పాలి. రెండు నిమిషాల్లో అయ్యేలా మాట్లాడండి. సిస్టమ్ మొత్తం దోపిడీ అని మొదలుపెట్టకండి, మీకు అలా అనిపించినా సరే.

వరంగల్_పిలగాడు
గది బయట లైన్ల కూసున్నప్పుడు ముందటోళ్ళవి వినుర్రి అన్నా, ఆఫీసర్ ఏం అడుగుతున్నడో సమజైతది.

సబర్బ్_శ్రీను
అయిపోయిందండి, "నాట్ లయబుల్", అంటే మా బాధ్యత లేదు, అని రాసిచ్చారు. అందరికీ చెప్తానన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

విలేజ్ హాల్‌లో బోర్డు మీటింగులు జరిగే రూమ్, ముందు ఒక హియరింగ్ ఆఫీసర్, పక్కన ఒక పోలీస్ ఉద్యోగి, గోడమీద టీవీ. పిలిచినవాళ్ళు ముందుకెళ్ళి ప్రమాణం చెయ్యాలి, వీడియో వేస్తారు, ఏమైనా చెప్తారా అని అడుగుతారు. మా ముందు ఒకాయన ఆఫీసుకి లేటవుతోంది, వెనక బండి హారన్ కొట్టింది అన్నాడు, ఇంకొకావిడ ఆ కారు మా అబ్బాయి నడిపాడు, నేను కాదు అంది. ఆఫీసర్ మర్యాదగానే విన్నారు, ఇద్దరికీ లయబుల్ అన్నారు. ఆవిడకి మాత్రం ఓనర్ మీదే పడుతుందని చట్టం ఎలా ఉందో వివరించి చెప్పారు, ఆవిడ చాలా బాధపడింది.

మా వంతు వచ్చాక వీడియో మామూలు స్పీడులో వేస్తే నిజం చెప్పాలంటే ఆగినట్టు కనపడీ కనపడనట్టు ఉంది. మా ఆవిడ వెంటనే స్టిల్స్ కాగితం ఇచ్చి, ఈ టైము నుంచి ఈ టైము దాకా చక్రం మీద చుక్క చూడండి సార్ అంది. ఆయన వీడియో వెనక్కి తిప్పి నెమ్మదిగా మళ్ళీ వేయించారు. క్రాస్‌వాక్ మీద ఎవరైనా ఉన్నారా అని ఆయనే చూసుకున్నారు. సెక్షన్ పేజీ ఇవ్వబోతే అక్కర్లేదు, తెలుసు అన్నారు. అంతే. పొదల ఫోటో బయటికి తియ్యలేదు.

మా ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని ముందే ఒకరు చూసి ఓకే చేశారంటే, ఇలా ఎన్ని వస్తున్నాయి, అందులో ఎంతమంది లీవ్ దొరక్క, ఇంగ్లీషులో మాట్లాడాలంటే జంకి కట్టేస్తున్నారు?

రెండో_లేన్
అభినందనలు శ్రీను గారూ. నిజంగా ఆగారు కాబట్టి సంతోషం. మీ ఆవిడ గారికి కూడా చెప్పండి.

గోదారి_గట్టు
సూపర్. మరి లయబుల్ అనుంటే అక్కడితో అయిపోయినట్టేనా, పైకి వెళ్ళడానికి లేదా?

లా_చదివినోడు
ఉంది. 35 రోజుల్లో సర్క్యూట్ కోర్టులో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ, అంటే ఆ నిర్ణయాన్ని మళ్ళీ చూడమని, వెయ్యొచ్చు. కాకపోతే అక్కడ ఫైలింగ్ ఫీజే టికెట్ కంటే ఎక్కువవుతుంది, పైగా కొత్త సాక్ష్యం తీసుకోరు, కింద పెట్టిన కాగితాలే చూస్తారు. అందుకే మొదటి హియరింగ్‌లోనే అన్నీ రికార్డులో పెట్టాలి. ఆఫీసర్ అక్కర్లేదన్నా "ఫైల్‌లో ఉంచండి సార్" అని మర్యాదగా అడిగి ఇచ్చి రావడం మంచిది.

కొత్త_మెంబర్_హ్యూస్టన్
థ్రెడ్ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. నాది చిన్న డౌట్. చికాగో ట్రిప్‌లో రెంటల్ కారు తీసుకున్నాం, ఇప్పుడు రెంటల్ కంపెనీ కార్డు మీద అడ్మిన్ ఫీజు కొట్టింది, టికెట్ వివరాలు ఏమీ పంపలేదు. నేను హియరింగ్ అడగొచ్చా?

లా_చదివినోడు
ముందు ఆ ఫీజు దేనికో రాతపూర్వకంగా అడగండి, టికెట్ కాపీ, నోటీస్ నంబర్ పంపమనండి. రెండు రకాలుగా జరుగుతుంది. కంపెనీ మీ పేరు, అడ్రస్ సిటీకి ఇస్తే కొత్త నోటీసు మీ పేరు మీద వస్తుంది, అప్పుడు మీరే కంటెస్ట్ చెయ్యొచ్చు, అక్కడిదాకా వెళ్ళక్కర్లేకుండా పోస్టులో రాసి పంపే దారి ఉంటే నోటీసు మీదే రాసుంటుంది. కంపెనీయే ఫైన్ కట్టేసి మీ దగ్గర వసూలు చేస్తే కంటెస్ట్ చెయ్యడం కష్టం. ఏది చేస్తారన్నది మీరు సంతకం పెట్టిన రెంటల్ అగ్రిమెంట్‌లో ఉంటుంది. నోటీసు వచ్చాక పేర్లు, నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.